డిక్కీ మీద రాసిన చరిత్ర

హౌరాలో బయలుదేరి సికింద్రాబాద్‌కో విశాఖపట్నానికో వచ్చే రైలు ఇంకా వేగం అందుకోకముందే దాటే స్టేషన్ టికియాపారా. సౌత్ ఈస్టర్న్ రైల్వే లోకల్ రైళ్ల కార్‌షెడ్ అక్కడే ఉంది. దానికి దగ్గరలోని బెలిలియస్ రోడ్డు లేత్ మిషన్లకు, చిన్న చిన్న ఇంజనీరింగ్ వర్క్‌షాపులకు పేరు. పోతపని, లేత్ పని వల్లనే హౌరాను ఒకప్పుడు ‘తూర్పు దేశపు షెఫీల్డ్’ అనేవారు. అదే హౌరా నుంచి ఈస్టర్న్ రైల్వే లైను మీద హుగ్లీ నది ఒడ్డు వెంట ఉత్తరంగా వెళ్తే హింద్ మోటర్ అనే స్టేషన్ వస్తుంది. ఉత్తర్‌పారాలోని కార్ల కర్మాగారం పేరే దానికి పెట్టారు. యాభై ఏళ్లకు పైగా అంబాసిడర్ కారు పుట్టింది అక్కడే. ‘పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా మారని కారు’ అని దాని గురించి అందరూ చెప్పే మాట. కానీ దాని డిక్కీ మీద కాలక్రమంలో మారుతూ వచ్చిన పేర్లను వరసగా పేరిస్తే ఆ మాట నిలవదు. మార్క్ 1 నుంచి మార్క్ 4 దాకా, తర్వాత నోవా, 1800 ఐఎస్‌జడ్, క్లాసిక్, గ్రాండ్, అవిగో, ఎన్‌కోర్. వీటిలో ఐఎస్‌జడ్ మోసిన ఇంజను జపాన్‌లో ఒక ప్రసిద్ధ స్పోర్ట్స్ కూపేకు శక్తినిచ్చిన ఇంజను వంశంలోది. ఆ జపాన్ కారుకూ వేరియంట్ల పట్టిక ఒకటుంది. రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. కారు వేరియంటును ముందుగా నిర్ణయించేది చట్టం, పన్ను, ఇంధనం ధర. కంపెనీ ఊహ, కొనేవాడి ఇష్టం ఆ తర్వాతే వస్తాయి.

ముందు జపాన్ కారు సంగతి చూద్దాం. ఇటలీలో గియా సంస్థకు పనిచేస్తున్నప్పుడు జార్జెట్టో జుజారో గీసిన రూపాన్ని 1966లో జెనీవా ప్రదర్శనలో చూపించారు. 1968 చివర్లో ఇసుజు కంపెనీ దాన్ని 117 కూపే పేరుతో అమ్మకానికి తెచ్చింది. వెల 17 లక్షల 20 వేల యెన్‌లు. అప్పటి జపాన్‌లో అది సామాన్యుడు తలెత్తి చూడలేని ధర. బాడీ పనిలో చాలా భాగం చేత్తోనే చేసేవారు కాబట్టి నెలకు యాభై కార్లు తయారైతే గొప్ప. తొలి ఇంజను 1,584 సీసీ, రెండు క్యామ్‌షాఫ్టులది. 1970లో ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో ఈసీ అనే వేరియంట్ వచ్చింది. జపాన్‌లో తయారై అమ్మకానికి వచ్చిన కార్లలో ఆ పరికరం మొదట అమరింది దానికే. దాదాపు అప్పుడే 1,817 సీసీ ఇంజను కూడా చేరింది. 1971లో జనరల్ మోటార్స్ కంపెనీ ఇసుజులో 34.2 శాతం వాటా కొన్నాక పెట్టుబడి వచ్చి, 1973 నుంచి 117 కూపే యంత్రాల మీద పెద్ద ఎత్తున తయారైంది. వేరియంట్ల మెట్లు కట్టుదిట్టంగా ఏర్పడింది అప్పుడే. కింది మెట్టు ఎక్స్‌టీ, దాని మీద ఎక్స్‌సీ, పైన ఎక్స్‌ఈ. కొంతకాలానికి గట్టి సస్పెన్షన్‌తో, వేగం మీద మోజున్నవాళ్ల కోసం ఎక్స్‌జీ. ఇంజను పరిమాణం ఒకటే 1,817 సీసీ. ఒకే క్యామ్‌షాఫ్టు, ఒకే కార్బురేటర్ ఉన్న ఎక్స్‌టీలో అది 100 హార్స్‌పవర్ ఇస్తే, రెండు క్యామ్‌షాఫ్టులు, ఇంజెక్షన్ ఉన్న ఎక్స్‌ఈలో 140 ఇచ్చేది. 1981లో ఆగిపోయేలోగా అన్ని రకాలూ కలిపి 86 వేలకు పైగా తయారయ్యాయి.

ఈ మెట్లన్నీ కొనేవాళ్ల అభిరుచిని బట్టి కట్టినవే అనిపిస్తుంది. కొంతవరకు నిజం కూడా. కానీ మెట్ల దారి ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో వేరేవాళ్లు నిర్ణయించారు. అప్పటి జపాన్‌లో 2,000 సీసీ దాటిన పెట్రోలు కారు పెద్ద కార్ల తరగతిలోకి వెళ్లిపోయేది. ఏటా కట్టే పన్ను ఒక్కసారిగా దాదాపు రెట్టింపయ్యేది. 1989లో పన్నులు సవరించేదాకా ఆ గోడ అలాగే నిలిచింది. 1978 నాటికి పొగ మీద ఆంక్షలు బాగా బిగిసినప్పుడు తగ్గిన బలాన్ని పూడ్చుకోవడానికి ఇసుజు ఇంజనును పెంచింది. 1,949 సీసీ దగ్గర ఆగింది. ఆ అంకె దగ్గరే ఎందుకు ఆగిందో గోడ సంగతి తెలిసినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. చివరి రోజుల్లో అదే కారుకు 2.2 లీటర్ల డీజిల్ ఇంజను కూడా పెట్టారు. పెట్రోలుకు దాటరాని హద్దును డీజిల్ ఎలా దాటింది? చిన్న కార్ల తరగతికి పెట్టిన 2,000 సీసీ పరిమితి డీజిల్ ఇంజన్లకు వర్తించదు. చట్టం వదిలిన సందులోంచి ఒక కొత్త వేరియంట్ వచ్చిందన్నమాట.

ఇసుజు ఒక్కదాని కథే ఇది అనుకోకుండా, ప్రపంచమంతా ఎరిగిన ఇంకో జపాన్ స్పోర్ట్స్ కారును కూడా చూడాలి. 1969లో నిసాన్ తెచ్చిన ఫెయిర్‌లేడీ జడ్ అమెరికాలో డాట్సన్ 240 జడ్ పేరుతో, 2,393 సీసీ ఇంజనుతో అమ్ముడైంది. సొంత దేశంలో అదే కారులో ఉన్నది 1,998 సీసీ ఇంజను. పెద్ద ఇంజను జపాన్ వీధుల్లోకి రావడానికి మరో రెండేళ్లు పట్టింది. అమెరికాలో పొగ నిబంధనలు బిగిసే కొద్దీ అది 260 జడ్ అయింది, ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో 280 జడ్ అయింది. స్పోర్ట్స్ కారు వేరియంట్లు రేసు మీద ప్రేమతోనూ ఇంజనీర్ల పట్టుదలతోనూ పుడతాయని, దీన్ని పన్నులకు ముడిపెట్టడం అన్యాయమని అభిమానులు అంటారు. వాళ్లు చూపించే సాక్ష్యం జడ్ 432. సిలిండర్‌కు నాలుగు వాల్వులు, మూడు కార్బురేటర్లు, రెండు క్యామ్‌షాఫ్టులు, అందుకే ఆ పేరు. దాని వెనక ప్రేమ ఉందన్న మాట ఒప్పుకోవలసిందే. కానీ ఆ ఇంజను కూడా 1,989 సీసీయే. పొడవాటి ముక్కున్న 240 జడ్‌జీని తీసుకున్నా అంతే. పందెంలో ఆ ముక్కు వాడాలంటే ముందు అలాంటి కారును జనానికి అమ్మి ఉండాలని పోటీల నిబంధన. ప్రేమ కారును పుట్టించి ఉండొచ్చు, దాని కొలతలు మాత్రం నిబంధనలు ఇచ్చినవి.

ఇక బెంగాల్‌కు వద్దాం. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో మొదలై, 1948లో ఉత్తర్‌పారాకు తరలింది. ఇంగ్లండ్ మోరిస్ కార్లే హిందుస్థాన్ 10, హిందుస్థాన్ 14, ల్యాండ్‌మాస్టర్ పేర్లతో ఇక్కడ తయారయ్యాయి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా 1957లో అంబాసిడర్ వచ్చింది. అంతకుముందే, 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు మీద, విడిభాగాలను క్రమంగా ఇక్కడే తయారు చేస్తామన్న కంపెనీలకే ప్రభుత్వం చోటిచ్చింది. బయటి నుంచి పెట్టెల్లో సామాను తెచ్చి బిగించి అమ్మే జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్లిపోయాయి. కార్ల తయారీలో ముగ్గురు మిగిలారు. ఉత్తర్‌పారాలో హిందుస్థాన్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. అంబాసిడర్ తొలి పెద్ద మార్పు 1959లో వచ్చింది. పాత 1,476 సీసీ సైడ్ వాల్వు ఇంజను పోయి 1,489 సీసీ, 55 హార్స్‌పవర్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజను అమరింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు పెట్రోలు అంబాసిడర్ గుండెకాయ దాదాపు అదే. 1960ల మొదట్లో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 వచ్చాయి. ముందు గ్రిల్లు మారింది, డాష్‌బోర్డు మారింది, ఇండికేటర్ దీపాలు చోటు మారాయి.

117 కూపే మెట్లకూ ఈ మార్కులకూ ఉన్న తేడాలోనే అసలు చరిత్ర ఉంది. ఎక్స్‌టీ, ఎక్స్‌ఈ ఒకే రోజు ఒకే షోరూములో పక్కపక్కన నిలబడతాయి. కొనేవాడు తన జేబును, మనసును చూసుకుని ఎంచుకుంటాడు. మార్క్ 2, మార్క్ 3 అలా కలిసి నిలబడలేదు. ఒకటి పోయాకే మరొకటి వచ్చింది. కాబట్టి మార్క్ అంకె కొనేవాడి ఎంపికను చెప్పదు, కారు పుట్టిన కాలాన్ని మాత్రమే చెబుతుంది. దీనికి కంపెనీ సోమరితనమే కారణమని, పోటీ లేని బిర్లాలు ఎందుకు కష్టపడతారని చాలామంది వాదిస్తారు. సోమరితనం లేదని నేననను. అయితే మిగతా ఇద్దరు తయారీదారుల కార్లూ ఆ ఏళ్లలో అలాగే నత్తనడక నడిచాయి. ముగ్గురికీ ఒకేసారి బద్ధకం పుట్టిందనడం కన్నా ముగ్గురినీ కట్టిన తాడు ఒకటే అనడం సబబు. ఎన్ని కార్లు చేయాలో లైసెన్సు చెప్పేది. బయటి నుంచి ఏ సామాను తేవచ్చో విదేశీ మారకం కేటాయింపు చెప్పేది. 1969లో ప్రభుత్వం కార్ల ధరలనే నేరుగా నియంత్రించింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1970ల నడుమ గాని ఆ పట్టు సడలలేదు. ధర పైవాళ్లు నిర్ణయించే చోట మెరుగైన సీటుకో మెరుగైన బ్రేకుకో అదనంగా పుచ్చుకునే వీలు ఉండదు. పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసే జనం ఉన్నప్పుడు ఏ రకం ఇచ్చినా అమ్ముడవుతుంది. డబ్బు తీసుకోలేని చోట, అడిగేవాడు లేని చోట వేరియంట్ ఎక్కడి నుంచి వస్తుంది? ధరల పట్టు సడలిన రోజుల్లో వచ్చిన మార్క్ 3కి స్టాండర్డ్, డీలక్స్ అనే రెండు రకాలు ఉండటం గమనించదగ్గది.

1980లో వచ్చిన డీజిల్ అంబాసిడర్ ఈ వాదనకు ఇంకో సాక్ష్యం. అదే 1,489 సీసీ పరిమాణంలో బీఎంసీ డీజిల్ ఇంజను, శక్తి 37 హార్స్‌పవర్. పెట్రోలు బండి కన్నా మూడో వంతు బలం తక్కువ, మోత ఎక్కువ. అయినా దేశంలో తయారైన తొలి డీజిల్ కారుగా దాన్ని జనం ఎగబడి కొన్నారు. ఎవరి అభిరుచీ మోత పెట్టే నెమ్మది బండిని కోరుకోదు. ప్రభుత్వ ధరల విధానంలో డీజిల్ పెట్రోలు కన్నా బాగా చవక కాబట్టి టాక్సీ నడిపేవాడికి అది అన్నం పెట్టింది. ఆ లెక్క హౌరా స్టేషన్ ముందు వరసలో నిలబడ్డ టాక్సీలకు ఎంత వర్తించిందో మన విజయవాడ, రాజమండ్రి టాక్సీ స్టాండ్లకూ అంతే వర్తించింది.

1980ల నడిమి కాలంలో తాడు కొంచెం వదులైంది. 1983 డిసెంబరులో సుజుకి పరిజ్ఞానంతో మారుతి 800 వచ్చింది. 1985లో బ్రాడ్‌బ్యాండింగ్ పేరుతో, ఒక లైసెన్సు కిందే రకరకాల వాహనాలు చేసుకునే వీలు దొరికింది. జపాన్ కంపెనీల పేర్లు దేశమంతా వినిపించాయి. అప్పటి మన మెదక్ జిల్లా జహీరాబాద్‌లోనే హైదరాబాద్ ఆల్విన్, నిసాన్‌తో కలిసి తేలికపాటి ట్రక్కులు చేసింది. తర్వాత ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్లింది. ఉత్తర్‌పారాలో ఆ గాలికి వచ్చిన కారు కాంటెస్సా. ఇంగ్లండ్‌లోని వాక్స్‌హాల్ కంపెనీ పాత విక్టర్ కారు అచ్చులతో 1984లో దాన్ని తెచ్చారు. అంత పెద్ద ఒళ్లున్న కారుకు మొదట అంబాసిడర్ 1,489 సీసీ ఇంజనునే బిగించారు. ఏనుగుకు ఎద్దు కాళ్లు పెట్టినట్టుండేది. కొద్ది ఏళ్లకే 1,817 సీసీ ఇసుజు ఇంజనుతో కాంటెస్సా క్లాసిక్ వచ్చి ఆ లోటు తీర్చింది. వాక్స్‌హాల్ అప్పట్లో జనరల్ మోటార్స్‌దే, ఇసుజులో ఆ కంపెనీ వాటా ముందే చెప్పుకున్నాం. ఒళ్లూ గుండె రెండూ ఒకే పెద్ద కుటుంబంలోవి కావడం యాదృచ్ఛికం కాదని నేననుకుంటాను. మన దేశంలో ఇవాళ పాత కార్ల అభిమానులు స్పోర్టీ కారుగా ముద్దు చేసుకునేది ఈ కాంటెస్సా క్లాసిక్‌నే.

అదే 1,817 సీసీ ఇంజను 1990ల మొదట్లో అంబాసిడర్‌లోకి దిగి 1800 ఐఎస్‌జడ్ అయింది. మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో హిందుస్థాన్ మోటార్స్ ఆ ఇంజన్లు తయారు చేసింది. 75 హార్స్‌పవర్, ఐదు గేర్లు, స్టీరింగ్ పక్క నుంచి నేల మీదికి దిగిన గేరు రాడ్డు, విడివిడి సీట్లు. జపాన్‌లో రెండు దశాబ్దాల కిందట అదే కొలతల ఇంజను కుటుంబం 100 నుంచి 140 దాకా ఇచ్చింది. రెండు దేశాల్లో శక్తిని కొలిచిన పద్ధతులు వేరు కాబట్టి అంకెలను నేరుగా పోల్చి చిన్నబుచ్చకూడదు. పోల్చవలసింది మెట్లను. అక్కడ ఒకే పరిమాణం నుంచి మూడు నాలుగు రకాలు తీసి కొనేవాడి ముందుంచారు. ఇక్కడ రెండు క్యామ్‌షాఫ్టుల రకం రాలేదు, ఇంజెక్షన్‌తో వేగం పెంచిన రకం రాలేదు. ఎక్కువ అంబాసిడర్లు కొనేది ప్రభుత్వ కార్యాలయాలు, టాక్సీవాళ్లు. ఆఫీసు ఇండెంటుకు 140 హార్స్‌పవర్ అవసరం లేదు, టాక్సీ మీటరుకు అసలే లేదు. ఇంజను గొప్పదైనా దాన్ని మెట్లుగా విడగొట్టేది దాని చుట్టూ ఉన్న బజారే.

ఇక్కడే నా వాదనకు గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సులు ఎత్తేశారు. ధరల నియంత్రణ ఎప్పుడో పోయింది. మరి ఆ తర్వాత అంబాసిడర్‌ను ఎవరు ఆపారు? న్యాయమైన ప్రశ్న. లైసెన్సులు పోయాక వచ్చిన క్లాసిక్, 2003 నాటి గ్రాండ్, మరుసటి ఏడాది పాతకాలపు సొగసుతో వచ్చిన అవిగో, ఇవన్నీ ఎక్కువగా పై సింగారాలు. ఇక్కడ తప్పు చట్టం మీద వేయలేం. నలభై ఏళ్లు ఎంపిక ఇవ్వని చోట ఎంపిక కట్టే నేర్పు కూడా పెరగదు. కొత్త అచ్చులకు పెట్టుబడి, ధైర్యం రెండూ కావాలి. అవి ఉత్తర్‌పారాకు రాలేదు. కంపెనీ కూడా కొత్త తరం కారు కోసం మిత్సుబిషి లాన్సర్‌ను తమిళనాడులోని తిరువళ్లూరులో చేపట్టింది గాని బెంగాల్ కర్మాగారాన్ని మార్చలేదు. చట్టం గిరి గీస్తుంది, గిరిలో నిలబడి ఏం చేశావన్నది తయారీదారు బాధ్యత. ఈ సవరణ నా వాదనను బలహీనం చేయదు, దాని హద్దు చూపిస్తుంది.

పైగా లైసెన్సు పోయిన చోటికి పొగ నిబంధన వచ్చింది. 1999లో సుప్రీంకోర్టు ఆదేశాలతో దేశ రాజధాని ప్రాంతంలో యూరో ప్రమాణాలు మొదలయ్యాయి. పాత బీఎంసీ పెట్రోలు ఇంజనుకు రోజులు దగ్గరపడ్డాయి, ఇసుజు ఇంజనే దిక్కయింది. 2008లో కలకత్తా హైకోర్టు పదిహేనేళ్లు దాటిన వాణిజ్య వాహనాలను మహానగరం నుంచి తప్పించమంది. మరుసటి ఏడాది అది అమలై ఎన్నో పాత మార్క్ 4 టాక్సీలు రోడ్డు వదిలాయి. 2010లో కోల్‌కతా, హైదరాబాద్ సహా 13 నగరాల్లో బీఎస్-4 పొగ ప్రమాణం వచ్చాక పాత డీజిల్ టాక్సీని పుట్టిన ఊరి పక్క మహానగరంలోనే అమ్మలేని స్థితి వచ్చింది. దానికి జవాబుగా 2013లో తెచ్చినదే ఎన్‌కోర్. అంబాసిడర్ చివరి వేరియంటుకు కొలత ఇచ్చింది ఒక ప్రభుత్వ నిబంధన అన్నమాట. అప్పటికే చాలా ఆలస్యమైంది. 1980ల నడుమ ఏడాదికి 24 వేల దాకా అమ్ముడైన కారు 2013-14లో 2,200 దగ్గరికి పడిపోయింది. 2014 మే 24న ఉత్తర్‌పారాలో పని ఆపేశారు. 2017లో అంబాసిడర్ పేరును పూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొంది.

చట్టం ఇవ్వని వేరియంట్లను వీధి ఇచ్చిందన్న వాదన ఒకటి మిగిలింది. అందులో బలం ఉంది. పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను వేయించుకున్న అంబాసిడర్లు తెలుగు ఊళ్లలో కోకొల్లలు. పాత మార్కుకు కొత్త గ్రిల్లు, మార్క్ 3 ఒంటికి నోవా దీపాలు, కోల్‌కతా మల్లిక్ బజారులో వెతికి తెచ్చిన పాత సామాను. లేత్ పనివాడి చేతిలో పడితే అంగడిలో దొరకని ఇరుసైనా బుష్ అయినా తయారవుతుంది, బెలిలియస్ రోడ్డు లాంటి వీధులు బతికింది ఆ నేర్పు మీదే. అయితే ఆ మార్పులకు కూడా కారణం ఇంధనం ధర, కొత్త కారు దొరకకపోవడం. కర్మాగారం పట్టికలో లేని వేరియంట్లూ అదే చట్టానికి పుట్టిన బిడ్డలే. తేడా ఒక్కటే. కర్మాగారం మార్పులకు పేరుంది, వీధి మార్పులకు పేరు లేదు. అందుకే అవి చరిత్రలోకి ఎక్కలేదు.

జపాన్‌లో 117 కూపే అభిమానులు ఏ సంవత్సరం ఏ అక్షరానికి ఏ కార్బురేటరో, ఏ దీపమో చెప్పగలరు. గుండ్రటి దీపాలు 1977లో చదరంగా మారాయన్నది వాళ్లకు తెలుసు, ఆ వివరాలతో పుస్తకాలున్నాయి. అంతకన్నా ఎక్కువ కాలం తయారై, ఒక దేశపు మంత్రినీ కూలివాడినీ మోసిన అంబాసిడర్‌కు అంత శ్రద్ధ దక్కలేదు. మారని కారు అనేశాక మార్పులు ఎవరు రాసుకుంటారు? ఆ మాట మానేయాలి. మన ఇళ్లలో పాత ఆర్‌సీ పుస్తకాలు, ఇన్వాయిసులు, ఓనర్స్ మాన్యువల్స్, పెళ్లి ఊరేగింపుల ఫొటోలు ఇంకా ఉన్నాయి. ఏ మార్కు, ఏ ఇంజను, ఏ సంవత్సరం, ఎప్పుడు డీజిల్‌కు మార్చారు అన్న సంగతులు వాటిలో ఉన్నాయి. కారు తుక్కుకు పోయినా ఆ కాగితాలు పారేయకండి. పాత కారును బాగు చేయించేవాళ్లు మార్క్ 2కు మార్క్ 2 గ్రిల్లునే వెతికి పెట్టించండి. ఉత్తర్‌పారా కర్మాగారపు డ్రాయింగులు, ధరల పట్టికలు ఎవరి దగ్గర ఉన్నా వాటిని బెంగాల్ ప్రభుత్వం ఒకచోట చేర్చి భద్రపరచాలి. డిక్కీ మీది పేర్లు ఒక దేశం తన పౌరుడికి ఎంత ఎంపిక ఇచ్చిందో చెప్పే దస్తావేజులు. వాటిని చదవగలిగిన మెకానిక్కులు, డ్రైవర్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి.